వన్స్ మోర్ అనకూడని సాయంత్రం

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కల్లూరులో మా ఇంట్లో అందరం ఫ్యాను కింద నడుం వాలుస్తాం. టీవీ దాని పాటికది మోగుతూ ఉంటుంది. ఆ రోజు ఏదో కొత్త సినిమా వస్తోంది. అందులో తల ముగ్గుబుట్టలా నెరిసిన ఒక ముసలామె, మనవడికి పెళ్లి కావడం లేదని కళ్లొత్తుకుంటోంది. నేను సగం నిద్రలో ఉన్నాను. గొంతు ఎక్కడో విన్నట్టనిపించి కళ్లు తెరిచాను. ముక్కు చూశాను, నవ్వు చూశాను. నిద్ర ఎగిరిపోయింది. నేను లంగా ఓణీ వేసుకునే రోజుల్లో కోడుమూరు టూరింగు టాకీసులో పూలతోట నిండా పరుగులు పెట్టిన పిల్ల ఈమే.

మా మనవరాలు ఫోనులో వెతికి ఆమె వయసు చదివింది. నేను నమ్మలేదు. ఫోను అబద్ధం చెబుతోందన్నాను. అది విడిచిపెట్టే పిల్ల కాదు. నీ కాలం వాళ్లు ఇంకా ఎవరెవరో చెప్పు అంది. నేను ఒక్కొక్కరినీ గుర్తు చేసుకొని చెప్పడం, అది వయసు చదవడం, నేను నోరు తెరవడం. మాకు డాన్సంటే ఏమిటో చూపించిన హీరోకు మోకాళ్లు మార్చారట. ఇంకొకాయన ముని మనవణ్ణి ఒళ్లో పెట్టుకొని ఫోటో దిగాడు. ఆయనకు పెళ్లయిందని తెలిసిన రోజు మా వీధిలో ఆడపిల్లలు పొయ్యి కూడా ముట్టించలేదు.

"మరి నీకెన్నేళ్లవ్వా?" అంది మనవరాలు.

నా లెక్క వేరని చెప్పాను. నేను కొర్ర పైరు నిలువునా ఎండిపోయిన ఏడు పుట్టాను. ఆధారు కార్డులో ఉన్నది బడి పంతులు తన ఇష్టం కొద్దీ వేసిన ఏడు. ఆ రెంటికీ నడుమ ఎక్కడో ఉంది నా వయసు. నాది నాకే తెలియనప్పుడు వాళ్లది ఫోనుకు ఎలా తెలుస్తుందని వాదించాను గానీ, మనసులో మాత్రం ఒకటి గుచ్చుకుంది. నా జడ సన్నబడినప్పుడల్లా అద్దంలో చూసుకున్నాను. మా ఆయన పళ్లు ఊడుతుంటే దగ్గరుండి చూశాను. నేను లంగా ఓణీలో చూసిన వాళ్లు మాత్రం అక్కడే, ఆ తెల్లగుడ్డ మీదే ఆగి ఉంటారని అనుకున్నట్టున్నాను. ఎవరూ అలా అనుకొమ్మని చెప్పలేదు.

ఆ వారంలోనే నా పుట్టినూరి నుంచి మా ఆయన ఫోనుకు ఒక కరపత్రం బొమ్మ వచ్చింది. మా ఊరు కోడుమూరు దాటి లోపలికి పోవాలి. ప్రతి ఏడూ తేరు లాగిన మర్నాడు అక్కడ పద్య నాటకం ఆడించేవాళ్లు. ఇప్పటి పిల్లలు ఆ నాటకాలు చూడలేదు కాబట్టి, పాత కళాకారుల్ని పిలిచి ఒక్కొక్కరి చేత ఒక్కో పద్యం పాడించి శాలువాలు కప్పుతారట. రాత్రి కూడా కాదు. పొద్దు వాలగానే మొదలుపెట్టి అన్నం వేళకు ముగిస్తారట. వచ్చేవాళ్లకూ పాడేవాళ్లకూ కూడా వేళకు మాత్రలు పడాలి కదా.

కరపత్రం మీద బొమ్మలున్నాయి. అన్నిటికంటే పెద్ద బొమ్మ కింద ఏం రాసి ఉందో మనవరాలు చదివింది. రాజంపేట నుంచి మా రాజు వస్తున్నాడు. నా గుండె ఒక్కసారి చిన్నపిల్లయింది. ఫోను లాక్కొని చూశాను. బోడితల, లోపలికి పోయిన బుగ్గలు, పెద్ద కళ్లద్దాలు.

"ఇది ఆయన బొమ్మ కాదు పాపా. ఆయన నాయనది ఏసినారు పొరపాటున," అన్నాను.

మా ఆయన పక్క మంచం మీద పడి నవ్విన నవ్వుకు దగ్గు వచ్చింది. ఆయన నాయనైతే ఈ పాటికి ఏ లోకంలో ఉంటాడో లెక్క కట్టుకోమన్నాడు. నేను కట్టుకున్నాను. నేను పరికిణీలో ఉన్నప్పుడు ఆయన మీసం తిప్పే రాజు. లెక్క ఎక్కడ తేలుతుందో తెలిసింది. తెలిసినా, ఆ బొమ్మను నాయనదిగానే ఉంచుకోవాలనిపించింది.

ఆ రాజు ఎవరో చెప్పకపోతే ఈ సంగతి మీకు పట్టదు. ఆయనకు రాజు వేషం తప్ప వేరే వేషం లేదు. మా ఊళ్లో నాటకం అంటే ఆయనే. మధ్యాహ్నమే పోయి చావిడి ముందర గోనెపట్టలు పరిచి చోటు పట్టుకునేవాళ్లం. ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. ఒళ్లో వేయించిన చెనక్కాయలు. తెర లేచి, నీలం మఖమలు అంగీలో, భుజాల దాకా జుట్టుతో, తళతళలాడే కిరీటంతో ఆయన పక్కకు తిరిగి నిలబడితే, మా అమ్మలాంటి గట్టి మనిషి కూడా చెనక్కాయ ఒలవడం మర్చిపోయేది. కథ ఏదైనా ఆయనకు రాజ్యం పోవాలి. పోయాక, అడవిలో నడిచి నడిచి అలసిపోయిన రాణితో ఆయన ఒక పద్యం చెప్పాలి. నిన్ను ఇన్ని ముళ్ల దారుల్లో నడిపించాను, ఒక్కనాడూ నన్ను ఒక మాట అనలేదు, ఆ మాటేదో ఇప్పుడైనా అని నా బరువు దించు అని దాని భావం. పద్యం అయ్యాక రాగం ఎత్తేవాడు. అది ఎంతసేపు పోయేదంటే, నేను చెనక్కాయలు గుప్పెడు ఒలుచుకొని తినేసినా ఇంకా పోతూనే ఉండేది.

రాగం ముగియగానే మగవాళ్ల వైపు నుంచి కేక లేచేది. వన్స్ మోర్. దాని అర్థం మాలో ఎవరికీ తెలియదు. దాని పని మాత్రం అందరికీ తెలుసు. ఆ కేక పడితే కళాకారుడు పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. ఎత్తుకోకపోతే ఊరిని చిన్నచూపు చూసినట్టు. కేక పడకపోతే ఊరు ఆయన్ని చిన్నచూపు చూసినట్టు. అలా కేక పడని కళాకారుడు మరుసటి ఏడు మా ఊరి పేరెత్తితే మొహం తిప్పుకునేవాడు. ఆడవాళ్లం మాత్రం వన్స్ మోర్ అనేవాళ్లం కాదు. అనకూడదని ఎవరూ చెప్పలేదు, మేమే ఎప్పుడూ అనలేదు.

ఈ వన్స్ మోర్ల వల్ల ఒక నష్టం జరిగేది. అడవి దాటి కథ ముందుకు కదిలేది కాదు. ఒక్కో పద్యం మళ్లీ మళ్లీ పాడేసరికి కోళ్లు కూసేవి, పొలం పనుల వేళయ్యేది, జనం గోనెపట్టలు దులుపుకొని లేచేవాళ్లు. నా చిన్నతనమంతా ఆ నాటకాలు చూశాను గానీ, రాజుకు రాజ్యం తిరిగి రావడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ కేకల్లో ఒక గొంతు అన్నిటికంటే పైన ఉండేది. ఎవరిదో తెలియదు. మగవాళ్ల వైపు చీకటి. ఆ గొంతు లేస్తే మిగతా గొంతులు దాని వెనక పోయేవి. రాజు కూడా ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి తల పంకించేవాడు. పొరుగూరి వాడెవడో అని మా అమ్మ అనేది. నాకు పెళ్లయి పొరుగూరు పోయాను. మూడో నాడో నాలుగో నాడో పెరట్లో ఎద్దు తాడు తెంపుకుంటే మా ఆయన దాన్ని ఒక్క కేక వేసి నిలబెట్టాడు. నేను చేతిలో చాట వదిలేసి బయటికి వచ్చాను. ఇన్నేళ్లు చీకట్లో విన్న గొంతు నా పెరట్లో ఎద్దును తిడుతోంది.

అందుకే ఆ కరపత్రం వచ్చిన రోజు నుంచి మా ఆయన మిరియాలు, కలకండ నోట్లో వేసుకొని తిరగడం మొదలుపెట్టాడు. ఎందుకో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. పొద్దున్నే మేడ మీదికి పోయి గొంతు సవరించుకునేవాడు. పక్కింటి వాళ్లు ఆయనకేమైనా జబ్బు చేసిందా అని నన్నడిగారు.

మనవరాలిని కూడా తీసుకొని బస్సులో కోడుమూరు, అక్కడి నుంచి ఆటోలో ఊరికి పోయాం. చావిడి అలాగే ఉంది. గోనెపట్టలు లేవు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అయినా జనం అలవాటు పోనిచ్చుకోలేదు, ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు కూర్చున్నారు. కళాకారులు వేదిక వెనక బడి గదిలో ఉన్నారని తెలిసి, బెల్లంతో చేసుకొచ్చిన చెనక్కాయ ఉంటల డబ్బా పట్టుకొని అక్కడికి నడిచాను. మా ఆయన గుమ్మం దాకా వచ్చి సిగ్గుపడి ఆగిపోయాడు. నేనే లోపలికి పోయాను.

పిల్లల బెంచీ మీద ఆయన కూర్చొని ఉన్నాడు. బొమ్మలో ఉన్న ఆయన నాయనే. అదే బోడితల, అవే బుగ్గలు. ఒంటి మీద మాత్రం నీలం మఖమలు అంగీ. అది ఆ అంగీయే, జరీ నల్లబడింది. అప్పట్లో ఛాతీ దగ్గర బిగిసి ఉండేది, ఇప్పుడు వదులై పిన్నీసులు పెట్టారు. కిరీటం ఒళ్లో పెట్టుకొని అరచేత్తో నిమురుతున్నాడు. పక్కన ఒక సన్నపాటి ఆమె, ఆయన భార్య, ఫ్లాస్కులో నుంచి వేడినీళ్లు పోసి ఇస్తోంది. మూలన హార్మోనియం ముందేసుకొని ఇంకొక ముసలాయన. అప్పట్లో ఆయన కోసం కూడా నాటకానికి వచ్చేవాళ్లుండేవారు.

నేను కాళ్లకు దండం పెట్టి లేచేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఎందుకొచ్చిందో తెలియదు. ఏడుపు వస్తుందేమోనని ఇంటి దగ్గర నుంచి భయపడి వచ్చాను. ఆయన కూడా నవ్వాడు. పళ్లు లేవు గానీ నవ్వు అదే. పక్కకు తిరిగి, గడ్డం కొంచెం ఎత్తి నవ్వే నవ్వు. ఆ నవ్వు కోసం మా వీధి ఆడపిల్లలు గుంపుగా పోయి నాటకం బండి కాడ నిలబడేవాళ్లు.

ఆయన కిటికీ సందులో నుంచి బయట కుర్చీల్లోకి చూశాడు. చూసి హార్మోనియం ఆయన వైపు తిరిగాడు.

"ఏందప్పా ఇది. మన జనమంతా ఎప్పుడు ముసలోళ్లయిరి?"

హార్మోనియం ఆయన తల కూడా ఎత్తలేదు. "నువ్వొక్కనివే కుర్రోడివి లేప్పా. దిగేటప్పుడు మెట్టు సూసుకో," అన్నాడు.

అందరం నవ్వాం. ఆయన కళ్లకు కూడా మేం ముసలివాళ్లమయ్యామన్నది నాకు అప్పుడే తట్టింది. నేను ఆయన్ని అక్కడ ఆపుకొని ఉన్నట్టే, ఆయన మమ్మల్ని గోనెపట్టల మీద చెనక్కాయలు తినే పిల్లలుగానే ఆపుకొని ఉన్నాడు.

ఏ ఊరని అడిగితే చెప్పాను. ఈ ఊరి ఆడపడుచునని, పొరుగూరి కోడలినని, ఇప్పుడు కల్లూరులో ఉంటున్నామని. ఆయన ముందుకు వంగాడు.

"ఆ ఊర్లో ఒక గొంతుండె. ఈ తట్టు నాటకమంటే ఆ గొంతు పడిందాంక నాకు నిలకడ ఉండేది కాదమ్మా. ఆ మనిషి ఉండాడా?"

నేను గుమ్మం వైపు చూపించాను. మా ఆయన గుమ్మం పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆ మాట విన్నాడు. నలభై ఏళ్లకు పైగా కాపురం చేశాను, ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా అంత వెలగలేదు. రాజు చెయ్యెత్తి ఆయన్ని పిలిచాడు. ఈయన వచ్చి ఆ చేయి పట్టుకొని నిలబడ్డాడు.

"ఈ పొద్దు ఇనిపిస్తావా అప్పా?" అన్నాడు రాజు.

ఈయన తల ఊపాడు. ఊపడం ఆపలేదు.

నేను అప్పుడు రాజు భార్య వైపు చూశాను. ఫ్లాస్కు మూత తిప్పుతున్న చేయి ఆగిపోయింది. నేను బయటికి వస్తుంటే ఆమె నా వెనకే వచ్చింది. బడి వరండాలో నా మోచెయ్యి పట్టుకుంది. ఆయనకు ఆయాసమట. పడుకుంటే ఊపిరాడదట, దిండుకు ఆనుకొని కూర్చునే నిద్రపోతాడట. గొంతు ఎత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఈ పిలుపు వచ్చిన నాటి నుంచి చిన్నపిల్లాడిలా మారాం చేస్తే, ఒక్క పద్యం, ఒక్కసారి అని మాట తీసుకొని తెచ్చిందట.

"వన్స్ మోర్ పడిందంటే పాడకుండా దిగే మనిషి కాదమ్మా. రెండోసారి రాగమెత్తితే నా మనిషి నాకు దక్కడు. మీ ఆయప్పను గమ్మునుండమను. అందరికీ చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా," అంది.

అంత మాట అన్నాక ఇంకేముంది. నేను మాటిచ్చాను.

ఆడవాళ్ల వరసల్లోకి పోయి ఒక్కొక్కరి చెవిలో ఊదాను. మా ఊరి ఆడవాళ్ల సంగతి మీకు తెలియదు. ఒకరికి చెబితే చాలు, మిగతాది అదే నడిచిపోతుంది. ఒక్కొక్కరూ లేచి మగవాళ్ల వైపు పోయి తమ తమ మొగుళ్ల దగ్గర వంగి చెప్పి వచ్చారు. పక్కకు వచ్చిన పెళ్లాన్ని చూసి ఇంట్లో ఏదో అయిందని భయపడి లేచిన వాళ్లూ ఉన్నారు.

అందరికంటే కష్టం నాదే. మా ఆయన ముందు వరసలో కూర్చొని, పళ్ల సెట్టు సరిగా ఉందో లేదో నాలుకతో చూసుకుంటున్నాడు. విషయం చెప్పాను. ఆయన నా మొహం కూడా చూడలేదు.

"ఆయనే అడిగినాడు కదమే. రాజు అడిగినాక నేను గమ్మునుంటే ఎట్లుంటాది?"

ఆయన భార్య అన్న మాటలు అలాగే చెప్పాను. ఈయన వేదిక మీద కట్టిన మామిడాకుల వైపు చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, మడత పెట్టి, నోటికి అడ్డంగా పట్టుకున్నాడు. అది సరేనన్నట్టు.

రాజు వంతు వచ్చింది. మెట్ల దగ్గర ఇద్దరు పట్టుకొని ఎక్కించారు. వేదిక మధ్యకు వచ్చాక వాళ్లను వదలమన్నాడు. కిరీటం పెట్టుకున్నాడు. జుట్టు లేని తల మీద అది ఒక పక్కకు ఒరిగింది. సరిచేసుకొని, పక్కకు తిరిగి, ఒక కాలు ముందుకు వేసి నిలబడ్డాడు. మా వరసలో ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు. నేనే కావచ్చు. "అవ్వా, ఈయనేనా?" అని మనవరాలు అడిగితే ఔనన్నాను. ఇంక నాయనా లేదు, బొమ్మా లేదు.

అదే పద్యం. గొంతు మందమైంది. పై మెట్టుకు పోవలసిన చోట పోకుండా, కింది నుంచే ఒడుపుగా చుట్టి తెచ్చాడు. అలా తెచ్చిన చోట భావం ఎక్కువ అర్థమైంది నాకు. చిన్నప్పుడు రాగం విన్నాను గానీ మాట వినలేదని అప్పుడు తెలిసింది. ముళ్ల దారుల మాట దగ్గర ఆడవాళ్లు చాలామంది కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. చివర రాగం ఎత్తాడు. మునుపటిలో సగం కూడా లేదు. తెగిపోతుందనుకున్న చోట హార్మోనియం ఆయన వంగి దాన్ని అందుకొని పైకి తీసుకుపోయి, మెల్లగా తెచ్చి దించాడు.

అయిపోయింది. ఎవరూ ఉలకలేదు.

చప్పట్లు కొడితే కేక లేస్తుందేమోనని మేం చప్పట్లు కూడా కొట్టలేదు. ఊరు ఊరంతా మాట మీద నిలబడింది. చావిడి మీద పావురాలు రెక్కలు కొట్టుకోవడం వినిపించింది. రాజు అలాగే పక్కకు తిరిగి, కాలు ముందుకు వేసి నిలబడే ఉన్నాడు. దిగడం లేదు. ఎదురు చూస్తున్నాడు. ముందు వరసలో మా ఆయన వైపు చూశాడు. ఈయన తువ్వాలు పళ్ల మధ్య పెట్టుకొని నా వైపు చూశాడు. ఈయన కళ్లలో నీళ్లు. నా వల్ల కాలేదు, నేను తల దించుకున్నాను. రాజు కాలు వెనక్కు తీసుకున్నాడు. చేయి కిరీటం మీదికి పోయింది, తీసేయడానికి.

"వన్స్ మోర్."

పెద్ద కేక కాదు. ఆడగొంతు. వేదిక పక్కన ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ఆయన భార్య లేచి నిలబడి ఉంది.

రాజు చేయి అక్కడే ఆగింది. మైకులో ఆయన గొంతు వినిపించింది. "ఎవరది? ఈ గొంతు నేనెప్పుడూ ఇనలేదే."

"నేనే," అంది ఆమె. "కూసోని పాడు."

జనం మధ్యలో ఎక్కడో మొదలైన నవ్వు అన్ని వరసలకూ పాకింది. రాజు కూడా నవ్వాడు, ఆ పక్క నవ్వు. ఎవరో పరుగున పోయి కుర్చీ తెచ్చి వేశారు. ఆయన కూర్చొని, కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె ఫ్లాస్కుతో మెట్లెక్కి పోయి వేడినీళ్లు ఇచ్చి, దిగుదామని తిరిగింది. ఆయన చేత్తో ఆపాడు. ఇంకొక కుర్చీ వేశారు. ఆమె అంచున కూర్చుంది, ఎప్పుడైనా లేవాల్సి వస్తుందన్నట్టు.

తర్వాత ఆమే నాకు చెప్పింది. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఏ ఊళ్లో ఆడినా ఆమె ఒక్క నాటకం చూడలేదట. పిల్లలు, గేదె, ఊరికి దూరంగా ఉన్న చేను. ఊరూరా వన్స్ మోర్లు వేయించుకొని తెల్లారి వచ్చే మనిషికి స్నానానికి నీళ్లు పెట్టడమే ఆమె చూసిన నాటకం. ఆ పద్యం ఆమె వినడం అదే మొదలు. అందులో ఏముందో కూడా అప్పటిదాకా తెలియదట.

రెండోసారి ఆయన రాగం ఎత్తలేదు. మైకు కూడా పక్కకు జరిపాడు. ఆమె వైపు తిరిగి, నిద్రపోయే బిడ్డ పక్కన పాడినట్టు, అంత చిన్న గొంతుతో చెప్పాడు. ముళ్ల దారుల్లో నడిపించాను, ఒక్కనాడూ ఒక మాట అనలేదు. వినిపించని వాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఆమె మొదట జనాన్ని చూసింది, తర్వాత నేలను చూసింది, చివరకు ఆయన్ను చూసింది. రాగం రావలసిన చోట ఆయన ఆగి హార్మోనియం ఆయనకు తల ఊపాడు. ఆ ముసలాయన ఇంక వెనకా ముందూ చూసుకోలేదు. ఎన్నేళ్ల రాగమో అంతా ఆ పెట్టెలో నుంచి తీసి పరిచాడు. రాజు కుర్చీలో వెనక్కు ఆనుకొని కళ్లు మూసుకొని విన్నాడు, తన రాగం తానే.

అది ముగిసేసరికి జనానికి ఒళ్లు తెలియలేదు. ఇచ్చిన మాట అందరూ మర్చిపోయారు. మగవాళ్ల వైపు నుంచి కుర్రవాళ్లు లేచారు. వన్స్ మోర్, వన్స్ మోర్ అని ఒకటే గోల. ఎన్నడూ అనని ఆడవాళ్లు కూడా అందుకున్నారు. మా మనవరాలు కుర్చీ ఎక్కి అరుస్తోంది. రాజు కళ్లు తెరిచాడు. కుర్చీ చేతులు పట్టుకొని లేవబోయాడు. ఆయన భార్య మొహం తెల్లబోయింది.

అప్పుడు మా ఆయన లేచాడు. నోటి నుంచి తువ్వాలు తీశాడు. నేను వద్దని చెయ్యెత్తాను.

"గమ్మునుండండిరా! రాజు దిగాల."

ఎద్దును నిలబెట్టిన కేక అది. చావిడి మీది పావురాలు లేచిపోయాయి. ఊరంతా ఒక్కసారి నోరు మూసుకుంది. రాజు ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి, పాత అలవాటు ప్రకారం తల పంకించాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి అందరికీ దండం పెట్టి, భార్య భుజం పట్టుకొని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. అప్పుడు కొట్టాం చప్పట్లు. చేతులు మండేదాకా కొట్టాం.

తిరుగు ప్రయాణంలో కోడుమూరు నుంచి బస్సులో సీటు దొరికింది. మనవరాలు నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. మా ఆయన మాత్రం ఊరుకోలేదు. తన వన్స్ మోర్ ఆమె ఎత్తుకుపోయిందని సణిగాడు. మిరియాలు తిన్నదంతా దండగ అన్నాడు. జన్మలో మొదటిసారి పద్యం వద్దని అరిచిన పాపం నా వల్లే తగిలిందన్నాడు. ఆ మాటలు అంటున్నంతసేపూ మొహంలో వెలుగు తగ్గలేదు. రాజు తనను గుర్తుపెట్టుకున్న సంగతి పక్క సీటు ఆయనకు ఒకసారి, టికెట్ ఇచ్చే ఆయనకు ఒకసారి చెప్పాడు.

మర్నాడు పొద్దున వాకిట్లో కూర్చొని కొర్రబియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. చెయ్యి ఏరుతుంటే నోరు ఆ పద్యం అందుకుంది. నా గొంతు గురించి చెప్పుకునేదేమీ లేదు, చాటకు వినిపిస్తే చాలు. పద్యం చివరికి వచ్చి, రాగం నాకు రాదు కాబట్టి అక్కడే ఆపాను.

లోపల మంచం మీద నుంచి, దుప్పటి కింద నుంచి, చిన్నగా వినిపించింది.

"వన్స్ మోర్."

చాట పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. మనవరాలు గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. పాడడం అయ్యాక, ఆ తర్వాత ఆ రాజు ఏమయ్యాడు, రాజ్యం మళ్లీ వచ్చిందా అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. అడవి దాటి ఎప్పుడూ పోలేదు మేము.